నూనె తాగే గింజలు

మా పిన్నికి పట్టుదల ఎక్కువ అంటే ఆమెను తక్కువ చేసినట్టే. ఆవిడది ఉడుంపట్టు. అలాంటి మనిషి పక్కవాటాలో నేను కాపురం ఉంటున్నాను. నాకసలే ఓపిక తక్కువ. మంచి మాటలు ఆమె మొహం మీద చెబితే కళ్ళు నెత్తికెక్కుతాయి కాబట్టి, చెప్పదలుచుకున్న నాలుగూ కాగితం మీద పెట్టడమే క్షేమమని ఇది రాస్తున్నాను.

పిన్ని పాతకాగితాల మిల్లులో పనిచేస్తుంది. చిత్తుకాగితాలు, చిరిగిన పుస్తకాలు, అట్టపెట్టెలు లారీల్లో వచ్చి అక్కడ దిగుతాయి. పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి వాటిని చిలికి గుజ్జు చేస్తారు. గుజ్జులోని పొడుగు నార మళ్ళీ కాగితమవుతుంది. పొట్టి నార, సిరా, కాగితం నునుపు కోసం ఎప్పుడో కలిపిన తెల్లమట్టి మాత్రం ఎందుకూ పనికిరావు. ఆ పనికిరానిదంతా పిన్ని నడిపే ప్రెస్సులోకి వస్తుంది. రెండు వెడల్పాటి బెల్టుల మధ్య నలిగి, నీళ్ళు పిండుకుపోయి, బూడిదరంగు చెక్కలుగా ఊడిపడుతుంది. మిల్లులో దాన్ని ముద్ద అంటారు. ఊరవతల గోతిలో పారబోయడమే దానికి జరిగే మర్యాద. పిన్ని ఇంటికి వచ్చేసరికి చెవుల వెనక కూడా ఆ బూడిదరంగే ఉండేది. మా వీధిలో ఆమెకు ముద్ద పిన్ని అని పేరు పెట్టింది ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.

బాబాయి లారీ మెకానిక్కు. వీధి చివర రేకుల షెడ్డు ఆయనదే. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పేస్తాడు, పిన్ని గొంతు విని మాత్రం ఆమె కోపంగా ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేడు. ఒకరోజు గేరుపెట్టె నూనె కారిన చోట ఆయన కాలు జారింది. వెల్లకిలా పడ్డాడు, తుంటి ఎముక విరిగింది.

ఎముక అతుక్కుంది. డాక్టరు ఎక్సురేను వెలుతురుకు పెట్టి చూసి, "ఇక నడవండి, మీ పని మీరు చేసుకోండి" అన్నాడు. బాబాయి నడిచాడు కూడా. ఇంట్లో నడిచాడు, మెట్లెక్కాడు, వీధి చివరిదాకా వెళ్ళాడు. షెడ్డు గుమ్మం దగ్గర మాత్రం కాళ్ళు మొరాయించాయి. లోపల నేల నల్లగా, జిడ్డుగా మెరుస్తూ కనబడగానే ఆయనకు చెమటలు పట్టేవి. గోడ పట్టుకుని నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు నటించి వెనక్కి తిరిగేవాడు.

షెడ్డును వెల్డరు ఒక్కడే నెట్టుకొస్తున్నాడు. బాబాయి బయట కూర్చుని అక్కడినుంచే కేకలేసి పని చెప్పేవాడు. నేల మీద రంపపు పొట్టు చల్లి చూశారు, ఇసుక చల్లి చూశారు. పొట్టు నూనెలో నాని మరింత జారుడైంది. ఇసుక బూట్లకు అంటుకుని వీధంతా తిరిగింది. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర బాబాయి తల ఎత్తకుండా అన్నాడు.

"మా పాత శిష్యుడితో మాట్లాడాను. వానలు తగ్గాక వచ్చి చూసుకుంటాడు. షెడ్డు వాడికి అప్పజెప్పేస్తాను."

"అప్పజెప్పి మీరేం చేస్తారు?" అంది పిన్ని.

"కూర్చుంటాను."

పిన్ని కంచం ముందునుంచి లేచిపోయింది. పిన్ని వాదించకుండా లేచిందంటే ఇంట్లో దీపం ఆరిపోయినట్టే. నాకు నిజంగా భయం వేసింది. ఆ పని లేకపోతే ఈ మనిషి ఏడాది తిరిగేలోపు మంచం దిగడని మా ఇద్దరికీ తెలుసు.

ఆ వారంలోనే పిన్ని మిల్లులో ఒక సంగతి గమనించింది. ప్రెస్సు గేరుపెట్టె కింద ఎప్పుడూ నూనె చుక్కలు పడుతుంటాయి. ఆ రోజు ఆ చోట నేల పొడిగా ఉంది. ఎండిపోయిన ముద్ద పెళ్ళ ఒకటి అక్కడ పడి, నల్లగా మారి, నూనెనంతా కడుపులో దాచుకుని కూర్చుంది. పిన్ని దాన్ని చేత్తో పిండి చూసింది. ఒక్క చుక్క రాలలేదు. వెంటనే మిల్లు కెమిస్టు దగ్గరికి పరిగెత్తింది. ఆ అమ్మాయి నవ్వి చెప్పింది.

"అవునక్కా, ఆ నారా మట్టీ కలిసి తడిని లాక్కుంటాయి. గింజలుగా చేసి ఆరబెడితే ఇంకా బాగా పీలుస్తాయి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. దానికి నూనె అనీ నీళ్ళనీ తేడా లేదు. నీళ్ళు తగిలితే ఉబ్బి మళ్ళీ ముద్దైపోతుంది. పని అయ్యాక ఊడ్చెయ్యాలి తప్ప కడక్కూడదు."

పిన్ని మొదటి సగం విని వచ్చేసింది. రెండో సగం చెవిన వేసుకోలేదు.

మర్నాటి నుంచి సాయంత్రం సైకిలు వెనక గోనెసంచిలో ముద్ద ఇంటికి రావడం మొదలైంది. మేనేజరు, పారబోసేదే కదా, తీసుకెళ్ళమన్నాడట. పంచుకునే డాబా కాబట్టి నా బట్టల తీగ కింద బూడిదరంగు కుప్పలు వెలిశాయి. మొదట పిన్ని దాన్ని చేత్తో నలిపి ఆరబెట్టింది. గాలి వీచగానే దుమ్ము లేచి నా తెల్ల దుప్పట్ల మీద వాలింది. తర్వాత త్వరగా ఎండాలని పెనం మీద వేయించింది. గింజలు మాడి, తడిసిన పుస్తకాలు తగలబెట్టిన కంపు ఇల్లంతా పట్టింది. నేను తలుపులు ధడాలున వేసుకున్నాను, ఆమెకు వినబడాలనే వేసుకున్నాను. ఆమె విననట్టే ఉంది. మూడోసారి వేళ్ళతో ఉండలు చేసింది. అవి పెద్దవైపోయి, పైన ఎండి లోపల పచ్చిగా ఉండి, బూజు పట్టాయి.

బాబాయి ఇదంతా మంచం మీంచి చూస్తూ వచ్చాడు. ఒకరోజు ఇక ఉండబట్టలేకపోయాడు.

"అలా ఒక్కొక్కటీ నలుపుతూ కూర్చుంటే నీ జన్మ సరిపోదు. కొంచెం తడి ఉండగానే తొట్టిలో వేసి దొర్లిస్తే వాటంతటవే గుండ్రబడతాయి."

"తొట్టి ఎవరు తిప్పుతారు? మీరా?" అంది పిన్ని.

మూల పడి ఉన్న పాత వాషింగ్ మెషిను వైపు బాబాయి ఒకసారి చూశాడు. సాయంత్రానికి దాని పొట్ట విప్పేశాడు. లోపలి తొట్టిని ఏటవాలుగా స్టాండు మీద నిలబెట్టి, పాత ఫ్యాను మోటారుకు బెల్టు తగిలించాడు. మోటారు చాలక మొదట మూలిగింది, తర్వాత దారికొచ్చింది. తొట్టి గిరగిరా తిరుగుతుంటే పిన్ని పైన కాస్త కాస్తగా నీళ్ళు చిలకరించింది. లోపల పొడి దొర్లి దొర్లి మిరియాలంత గింజలైంది. ఇద్దరూ తొట్టిలోకి తలలు దూర్చి చూస్తున్నారు. చిన్నపిల్లలకు బొమ్మ దొరికితే ఇలాగే చూస్తారు. వాటిని జల్లెడ పట్టి నీడలో ఆరబెట్టారు. గ్లాసులో వాడేసిన ఇంజను నూనె పోసి, గుప్పెడు గింజలు వేశారు. కాసేపటికి గ్లాసు వంచితే నూనె కారలేదు.

"బాగానే తాగుతోందే," అన్నాడు బాబాయి. పిన్ని నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేసింది. దుప్పట్ల సంగతి ఎత్తడానికి ఇది సమయం కాదని నాకు అర్థమైంది.

పక్కింటి టీచరమ్మ పిల్లి కూడా గింజలను మెచ్చుకుంది. ఆరబెట్టిన కుప్పలో చక్కగా గొయ్యి తవ్వి, తన పని ముగించుకుని, పైన కప్పెట్టి మరీ వెళ్ళేది. పిన్ని చీపురు పట్టుకుని దాని వెంటపడింది. రెండు రోజులకు టీచరమ్మే బకెట్టుతో వచ్చి, మొహమాటపడుతూ, "మా దానికి ఇవి తప్ప ఇంకేమీ నచ్చట్లేదండీ, కాస్త పెడతారా?" అని అడిగింది. మా వాటాల్లో పిల్లి వాసన పోయింది కాబట్టి ఆ ఒక్క విషయంలో నేను పిన్నికి ఋణపడ్డాను.

ఆ తర్వాతే కొంప మునిగింది. గింజలు తీసిన తర్వాత డాబా అంతా బూడిద మిగిలిందని నేను గొణిగాను. పిన్నికి రోషం వచ్చింది. పైపు పట్టుకుని డాబా అంతా కడిగేసింది. మూలల్లో మిగిలిన గింజలన్నీ నీళ్ళతోపాటు మురుగుగొట్టంలోకి దిగి, అక్కడ హాయిగా నీళ్ళు తాగి, ఉబ్బి, బిరడాలా బిగుసుకున్నాయి. మధ్యాహ్నానికి మా స్నానాలగదిలో నీళ్ళు నిలిచాయి. సాయంత్రానికి టీచరమ్మ ఇంట్లో, ఆ పక్క టైలరు ఇంట్లో కూడా నిలిచాయి. టైలరు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ముద్ద పిన్నీ, మీ గింజలు మా ఇంటిదాకా వచ్చాయి," అన్నాడు.

పిన్ని బిక్కమొహం వేసింది. ఆమెను అలా చూడడం నాకదే మొదటిసారి, కాస్త సంతోషించానని ఒప్పుకుంటున్నాను. కెమిస్టు అమ్మాయికి ఫోను చేస్తే, "నేను చెప్పాను కదక్కా" అని ఒకే ముక్క అంది. బాబాయి పొడుగు ఇనుపచువ్వకు కొక్కెం వంచి, పెరట్లో చతికిలబడి, గొట్టంలోంచి బూడిదరంగు చుట్టలు లాగాడు. ఒకటి లాగితే ఇంకొకటి వచ్చేది. నాలుగో చుట్ట పటుక్కున ఊడి పిన్ని ఒళ్ళో పడింది. బాబాయికి నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పడినప్పటినుంచి ఆయన నవ్వడం మేము వినలేదు. పిన్ని చీర పాడైందని తిట్టలేదు, అలాగే ఆయన్ని చూస్తూ కూర్చుంది.

వానలు తగ్గాయి. శిష్యుడు వస్తానన్న రోజు వచ్చింది. పిన్ని మిల్లుకు సెలవు పెట్టి, రెండు బస్తాల గింజలు షెడ్డుకు చేర్చింది. వెల్డరు, నేను సాయం పట్టాం. నేలంతా చల్లి వదిలేశాం. ఒక లారీ అప్పటికే లోపల ఉంది, దాని అడుగునుంచి చుక్క చుక్కగా నూనె కారుతోంది. అక్కడ ఇంకాస్త ఎక్కువ చల్లాం. బూడిదరంగు గింజలు చూస్తుండగానే నల్లబడ్డాయి.

శిష్యుడు వచ్చాడు. పెద్దమనిషే, జుట్టు నెరిసింది. గురువుకు నమస్కారం పెట్టి, లోపలికి రావడానికి నీళ్ళు నమిలాడు. "అన్నా, మీరుండగా నేను తీసుకోవడమేంటి?" అన్నాడు.

"నేను లోపలికి రాలేనురా. తాళాలు నీ దగ్గరుంటేనే మంచిది," అన్నాడు బాబాయి. గుమ్మం బయటే నిలబడి తాళాలగుత్తి చేతిలో తిప్పుతున్నాడు.

పిన్ని ఆ మాట వినబడనట్టు చీపురు అందుకుంది. ఊడ్చిన గింజలు మూత ఉన్న డ్రమ్ములో వేస్తే బాయిలర్లో కాల్చడానికి తీసుకుంటామని మిల్లువాళ్ళు అన్నారు. పిన్ని ఊడవడం మొదలుపెట్టింది. మిల్లులో ప్రెస్సు నడిపే చేతికి షెడ్డు ఊడ్చే ఒడుపు రాలేదు. నల్లగింజలన్నీ అవతలి మూల, లారీల అడుగున పని చేయడానికి మనుషులు దిగే గుంతవైపు నెడుతోంది.

"గుంతవైపు కాదే," అన్నాడు బాబాయి బయటినుంచి.

పిన్ని ఇంకోవైపు తిరిగింది. అది మరీ తప్పు.

"గోడ దగ్గర్నించి రావాలి. అంతా గుంతలో పడేస్తే ఎవరు తీస్తారు? ఆగు. ఆగమంటుంటే నిన్ను."

ఆయన వచ్చేశాడు. గుమ్మం దాటి, గబగబా నడిచి, పిన్ని చేతిలోంచి చీపురు లాక్కున్నాడు. గోడ దగ్గర మొదలుపెట్టి, ఇలా, ఇలా అంటూ ఊడ్చుకుంటూ షెడ్డు నడిమధ్యకు వచ్చాడు. వెల్డరు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు బాబాయికి తెలిసింది. ఊడవడం ఆపి, తన కాళ్ళవైపు చూసుకున్నాడు. మొహంలో రక్తం లేదు. పిన్ని రెండడుగుల దూరంలో ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. చీర కొంగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

బాబాయి కుడి బూటు నేలకేసి మెల్లగా రుద్దాడు. జారలేదు. కాస్త గట్టిగా రుద్దాడు. గరగరమంది.

"ఈ చుక్కలు ఎక్కణ్ణించి?" అన్నాడు, లారీవైపు చూస్తూ.

"తెలియట్లేదన్నా. రెండు రోజుల్నించి వెతుకుతున్నా," అన్నాడు వెల్డరు.

బాబాయి లారీ పక్కన మోకాలు ఆనించాడు. చెయ్యి ఊతగా పెట్టి, తుంటిని జాగ్రత్తగా దించి, ఒకప్పుడు తనను పడేసిన ఆ నేల మీద వీపు ఆనించి పడుకున్నాడు. మెల్లగా లారీ కిందికి జరిగాడు. బయటికి రెండు బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. తాళాలగుత్తి ఎక్కడో నేల మీద వదిలేశాడు, శిష్యుడు దాన్ని తీసి మేకుకు తగిలించి, చొక్కా చేతులు మడుచుకోవడం మొదలుపెట్టాడు.

"పద్నాలుగో నంబరు పానా ఇవ్వండి," అంది లారీ కిందనుంచి గొంతు.

వెల్డరు కదలబోయాడు. పిన్ని అతన్ని చేత్తో ఆపింది. పనిముట్ల పెట్టె ముందు కూర్చుని పానాలు వెతకసాగింది. కళ్ళనిండా నీళ్ళు, అంకెలు కనబడటం లేదు. చేతికి దొరికినదాన్ని లారీ కిందికి అందించింది.

"ఇది కాదు."

ఇంకొకటి అందించింది.

"ఇదీ కాదే. ఇన్నేళ్ళుగా మెకానిక్కు పెళ్ళానివి, పానాలు తెలియవా?"

"తెలియవు. వెతుకుతున్నాను, ఉండండి," అంది పిన్ని, ముక్కు ఎగబీలుస్తూ, నవ్వుతూ, మూడోదాన్ని అందిస్తూ.