వెనకనుంచి అందిన కట్టె

దయ్యాలూ గియ్యాలూ అంటే నేను ఎప్పుడూ నవ్వేదాన్నే. ఇప్పుడూ నమ్మను. మదనపల్లెలో ఒక బడిలో ఆటల టీచరుగా పని చేస్తున్నాను. స్టాప్‌వాచీ చూపించింది తప్ప ఇంకేదీ ఒప్పుకోని రకం నేను. అయినా పదో తరగతిలో జరిగిన ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడుపడదు.

మాది పుంగనూరు. రిలేలో ఆఖరి పరుగు నాది. నాకు కట్టె అందించేది భారతి, నాకంటే ఒక క్లాసు చిన్నది. అందుకునేవాళ్లు వెనక్కి చూడకూడదు. కేక వినగానే చెయ్యి వెనక్కి చాచాలి, అంతే. భారతి కేక "ఇందా అక్కా!" రెండేళ్లు రోజూ పొద్దున్నే అదే కేక. ప్రాక్టీసుకు మాప్ కర్ర కోసి కట్టె చేసుకున్నాం. దానిమీద కంపాసు ముల్లుతో మా ఇద్దరి పేర్లు చెక్కింది భారతే. అది వాళ్లింట్లోనే ఉండేది.

ఆ ఏడు మదనపల్లెలో పోటీలు. గెలిస్తే జిల్లాకు పోవచ్చు, అక్కడ బాగా పరిగెత్తితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. లేకపోతే పదితో పరుగులు బంద్ అని ఇంట్లో ముందే చెప్పేశారు.

భారతి జ్వరమని వారంగా బడికి రాలేదు. తీరా మైదానంలో కనబడింది, ఒక ప్రైవేటు బడి పసుపు బనీనులో!

"నేనేం జేసేదక్కా, మా నాయన ఆడ చేర్పిచ్చినాడు," అంది నేల చూస్తూ.

"జరమని యాల జెప్తివే మరి?" అన్నాను. వాళ్ల జట్టులోకి వెళ్లిపోయింది. ఇంత నమ్మకద్రోహం నాకు ఎవరూ చేయలేదు.

ఆమె బదులు గుండు విసిరే సుజాతను పెట్టారు. నేను నా లైన్లో నిలబడ్డాను. పక్క లైన్లో, నాకు రెండడుగుల ముందు భారతి. వాళ్ల జట్టుకు ఆఖరి పరుగు ఆమెదే. విజిల్ మోగి పరుగు మొదలైంది. చూడబుద్ధి కాకపోయినా కళ్లు భారతి వైపే పోయాయి. పెదాలు బిగించుకుని ఉంది.

సరిగ్గా అప్పుడే నా వెనక, చెవి పక్కనే, భారతి గొంతు: "ఇందా అక్కా!"

చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. కట్టె అరచేతిలో పడింది. ఒకటే దౌడు. అందరికంటే ముందు గీత దాటాను.

చప్పట్లు లేవు. తిరిగి చూస్తే మలుపు దగ్గర సుజాత పడిపోయి, మోకాళ్లు చెక్కుకుపోయి కూర్చుని ఉంది. మా జట్టు కట్టె ఆమె చేతిలోనే ఉంది.

నా చేతిలో మాప్ కర్ర ముక్క. దానిమీద మా పేర్లు.

"ఇది యాడిదే? ముందే దాసిపెట్టుకోని వచ్చినావా?" అని మా ఆటల మేడం అందరి ముందూ నిలదీసింది. నన్ను సొంత బిడ్డలా చూసిన మనిషి! నా వెనక ఎవరినీ చూడలేదని అంపైర్లు చెప్పారు. మోసమని జట్టునే తీసేశారు. నా పరుగు అక్కడితో సరి.

కేకేసింది నువ్వే కదా అని నిలదీస్తే భారతి ఏడ్చింది. "ఒట్టక్కా, నేను నోరే తెరవలా. ఆ కట్టె మా ఇంట్లో బియ్యం డబ్బా ఎనకాల ఉండాది."

సాయంత్రం వాళ్లింటికి పోయి చూశాం. డబ్బా వెనక ఏమీ లేదు.

ఆ కట్టె ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అది ఎలా వచ్చిందో, ఆ కేక నాకు సాయానికో ద్రోహానికో, నేటికీ తెలియదు. ఆ రోజు తర్వాత భారతితో మళ్లీ మాట్లాడలేదు.

మా బడి పిల్లలు రిలేలో వెనక్కి తిరిగి చూసి మరీ కట్టె అందుకుంటారు. అందుకే ప్రతి ఏడూ ఓడిపోతారు. "చూడకుండా పట్టుకోమని చెప్పు మేడం," అని తోటి టీచర్లు నవ్వుతారు.

చెప్పాలనే అనుకుంటాను. నోరు రాదు.