చట్నీ జారూ, అయిదు తూటాల రివాల్వరూ

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు. నన్ను కొట్టాలని చూసేవాళ్ళు, నన్ను ఇంకా చూడనివాళ్ళు. పాతికేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, పరాయి దేశంలో మొదటి చలికాలం, ఈ మూడూ ఒకేసారి మీద పడితే ఎంత చదువుకున్నవాడి బుర్రయినా కాస్త చెడుతుంది. నాది పూర్తిగా చెడింది. ఏ కొంచెం బుద్ధి ఉన్నవాడైనా ఐర్లండులో దిగగానే మంచి వానకోటు ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటాడు. నేను మాత్రం రోజూ జేబులో వేసుకు తిరగడానికి ఏ రివాల్వర్ బాగుంటుందా అని వెతికాను.

దీనికంతటికీ కారణం ఒక కోడిగుడ్డు. శాండీఫోర్డ్‌లో లువాస్ ట్రాము దిగి మా ఫ్లాటుకి నడిచే దారిలో, మూల కొట్టు పక్కన ఓ పొట్టి గోడ ఉంది. సాయంత్రమయితే దాని మీద ముఖం కనపడకుండా టోపీలు లాక్కున్న కుర్రాళ్ళు (కుర్రాళ్ళంటే మీసం కూడా సరిగ్గా రానివాళ్ళు) వరసగా కూచుని చిప్స్ తింటూ ఉండేవారు. ఓ శనివారం అటువైపునుంచి ఒక గుడ్డు వచ్చి నా కొత్త కోటు భుజం మీద పగిలింది. శనివారం నీచు ముట్టని ఇంట్లో పుట్టినవాణ్ణి. వెనక్కి తిరిగి గట్టిగా ఓ మాట అనబోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం "సారీ". గుడ్డు నా మీద వేసినందుకు వాళ్ళకి నేను సారీ చెప్పాను. మర్నాటినుంచి ఆ దారి మానేసి, ఆఫీసు భవనాల వెనకనుంచి వానలో తడుస్తూ చుట్టు తిరిగి ఇంటికి పోవడం మొదలుపెట్టాను. పగలంతా మనిషిలాగే ఉండేవాణ్ణి. సాయంత్రం లువాస్ ఎక్కేసరికి ఆ గోడ గుర్తొచ్చి కోటు భుజం తడుముకునేవాణ్ణి.

నాతో ఆ ఫ్లాటులో ఉండేవాడు ఎన్‌సీసీ అన్న. కరీంనగర్ మనిషి, డిగ్రీలో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పేల్చాడు కాబట్టి ఆ పేరు. (పేల్చిన తూటాలు ఒక్కటీ బోర్డుకి తగల్లేదట. వెనకున్న గుట్టకి మాత్రం అన్నీ తగిలాయని గర్వంగా చెప్పుకునేవాడు.) నా గుడ్డు కథ విని ఆయన జాలిపడలేదు. "గిట్ల భయపడుకుంట ఎన్ని దినాలు తిరుగుతవ్‌రా? మనిషన్నంక జేబుల ఒకటుండాలె" అన్నాడు. ఆ రాత్రే ఇద్దరం సోఫాలో కూలబడి, అమెరికాలో ఎవరో బొజ్జ అంకుల్స్ తమ గరాజుల్లో నిలబడి పొట్టి గొట్టం రివాల్వర్ల గురించి చెప్పే వీడియోలు చూడడం మొదలుపెట్టాం.

ఇక చూడండి మా తెలివి. ఆ దేశంలో అది కొనగలమా లేదా అన్న ప్రశ్న ఇద్దరు ఇంజినీర్లలో ఒక్కడికీ రాలేదు. ఏది కొనాలన్న దాని మీద మాత్రం వారాల తరబడి కొట్టుకున్నాం. సంబంధాలు చూసే పెద్దమ్మలు కూడా పెళ్ళికూతుళ్ళలో అన్ని వంకలు వెతకరు. నాకు అయిదు తూటాలది నచ్చింది. తేలిక, గుండ్రటి చెక్క పిడి, వెనకాల మీట కూడా బయటికి పొడుచుకు రాదు, జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తట్టుకోదు. దాని బొమ్మ ఫోను తెర మీద కూడా పెట్టుకున్నాను. అన్నకి ఆరు తూటాల బరువైన ఉక్కుది కావాలి. "ఆరో మనిషొస్తే ఏం జేస్తవ్‌రా?" అని అడిగాడు. "గోడ మీద అయిదుగురే పడతారన్నా" అన్నాను. దాని మీద రెండు రోజులు ఎవడి అన్నం వాడే వండుకున్నాం.

రాజీ అన్నే కుదిర్చాడు. ముందు జేబుకి అలవాటు కావాలన్నాడు, ఆ బరువు మోస్తూ తిరిగితే ఏది నప్పుతుందో అదే తెలుస్తుందట. వంటింటి తూకం మీద పెట్టి చూస్తే వీడియోలో చెప్పిన అయిదు తూటాలదాని బరువుకి మా చింతపండు పొట్లం సరిపోయింది. ఆరు తూటాలదానికి మిక్సీ చట్నీ జారు. మొదటి వారం చింతపండు కోటు జేబులో వేసుకుని ఆఫీసుకి పోయాను. లువాస్‌లో హీటరు పక్కన కూచున్నందుకు అది మెత్తబడి జేబులోంచి కారింది. రెండో వారం జారు. కోటు ఒక పక్కకి వాలిపోతే మా మేనేజరు, పాపం మంచావిడ, నడుం పట్టిందేమో, జీపీ డాక్టరుకి చూపించుకోమని రెండుసార్లు చెప్పింది.

ఆ వారంలోనే లైసెన్సు అడుగుదామని ఇద్దరం స్టేషనుకి వెళ్ళాం. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. కౌంటరులో మా అమ్మ వయసావిడ ఉంది. అన్న ఛాతీ విరుచుకుని, ఆత్మరక్షణకి రివాల్వర్ కావాలన్నాడు. ఎవరినుంచి రక్షణ అని అడిగింది. "ఎగ్స్" అన్నాను నేను. ఆవిడ రాయబోతున్న పెన్ను పక్కన పెట్టింది. అలాంటి లైసెన్సులు ఇక్కడ ఇవ్వరంది. "నా దగ్గరే లేదు నాయనా" అన్నట్టు తన ఖాళీ నడుం చూపించింది. గుడ్లు వేస్తే వచ్చి చెప్పండి, నేను వెళ్ళి మాట్లాడతాను అని కూడా అంది. ఆ ఒక్క మంచి మాట మా చెవికెక్కితే కదా. బయటికొచ్చాక అన్న "తుపాకి లేని పోలీసులాయె, గిదేం దేశంరా" అని ఉమ్మేశాడు. నేను మాత్రం జారు మొయ్యడం మానలేదు.

ఓ సాయంత్రం కుండపోత. చుట్టు తిరిగే దారిలో నీళ్ళు నిలిచిపోయాయి, గోడ దారి తప్ప గతి లేదు. తల వంచుకుని గబగబా వాళ్ళని దాటేశాను. వెనకాల ఒకడు గోడ మీదనుంచి దూకిన చప్పుడు. "హే, మిస్టర్" అంటూ పరిగెత్తుకొస్తున్నాడు. ఇన్ని రోజుల అలవాటు ఊరికే పోతుందా, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. జారు అడుగుభాగం లోపలి గుడ్డకి తట్టుకుంది. (మీట పొడుచుకు రాని రివాల్వర్ కోసం కొట్టుకున్నవాణ్ణి.) బలంగా లాగితే గుడ్డ చిరిగి జారు బయటికొచ్చింది, మూత ఊడి రోడ్డు మీద దొర్లింది. వానలో, రెండు చేతులతో, ఆ కుర్రాడి ముఖానికి చట్నీ జారు గురిపెట్టి నిలబడ్డాను. పొద్దుటి కొబ్బరిచట్నీ వాసన గుప్పుమంది.

వాడి చేతిలో నా గ్లవ్ ఉంది. జారిపోతే ఇద్దామని వచ్చాడు.

"ఈజ్ దట్ ఎ బ్లెండర్?" అన్నాడు. గోడ మీదివాళ్ళు కిందపడి నవ్వారు. ముందు ఏడుపొచ్చింది, తరవాత నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. వాడే వంగి మూత తీసిచ్చాడు. "యూ ఆర్ గ్రాండ్" (ఏం ఫర్వాలేదని ఇక్కడి మాట) అని భుజం తట్టాడు, సరిగ్గా గుడ్డు పగిలిన చోటే. గుడ్డు వేసింది వాడేనేమో నేను అడగలేదు. ఆ మర్నాటినుంచి ఆ గోడ దగ్గర నా పేరు బ్లెండర్. "హౌయా, బ్లెండర్" అని అరిచేవాళ్ళు, నేను చెయ్యి ఊపి దగ్గర దారిన ఇంటికి పోయేవాణ్ణి.

అన్న ఇప్పుడు లెపర్డ్స్‌టౌన్‌లో ఇల్లు కొనుక్కుని గులాబీలు పెంచుతున్నాడు. ఈ కథ ఎత్తితే "నాకెక్కడిదిరా, నీకే ఉండె గా పిచ్చి" అంటాడు. నేను ఇక్కడే ఉండిపోయాను. మా అమ్మాయి ఇప్పుడు ముఖం మీదికి టోపీ లాక్కుని, అదే గోడ మీద స్నేహితులతో కూచుని చిప్స్ తింటుంది. మొన్న దాన్ని తీసుకెళ్ళడానికి కారులో వస్తుంటే, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న మనవాడొకడు లువాస్ వైపునుంచి వస్తున్నాడు. గోడ మీద పిల్లల్ని చూడగానే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయాడు. కారెక్కిన మా అమ్మాయి "వై ఈజ్ హీ స్కేర్డ్ ఆఫ్ అస్, నాన్నా?" అంది. నాకు నవ్వొచ్చింది. కిటికీ దించి "ఏ ఊరు బాబూ మనది?" అని అడిగాను. తెలుగు వినగానే ఆగాడు. ముఖం విప్పారింది గాని, కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి తియ్యలేదు. కోటు వాలిన తీరు చూస్తే చింతపండే అనిపించింది.