ఎమ్మెల్యేనయ్యాక మా చేనికి వెళ్లిన రోజు

దర్శి దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లు మిరప వేశాను. మావి సాగర్ కాలువ చివరి భూములు. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు నీళ్లు. ఓ ఏడాది పూత మీదున్న చేలు ఎండిపోతుంటే, నేనూ పక్కచేను మిత్రుడూ ఊరి రైతుల్ని వెంటబెట్టుకుని కాలువ ఆఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్నాం. నీళ్లు వదిలారు. తర్వాతి ఎన్నికల్లో ఒక పార్టీవాళ్లు వెతుక్కుంటూ వచ్చి నాకు టికెట్ ఇచ్చారు. గెలిచాను.

మంగళగిరి వైపు ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాణ్ణి. నా భార్య రాలేదు. "చేనెవరు చూస్తారు? మీరెళ్లండి" అంది. పొద్దున్నుంచీ ఇంటినిండా జనమే, అందరూ ఏదో ఒక పని మీద వచ్చినవాళ్లు. వాళ్లు వెళ్లాక, వంటమనిషి మూతపెట్టి పోయిన అన్నం ఒక్కణ్ణే తినేవాణ్ణి. సభలో మా కాలువ గురించి రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ పరిశీలనలో ఉందన్నారు.

ఒకసారి మిరప కోతలప్పుడు ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్లి, నేరుగా చేలోకి నడిచాను. నవ్వుకుంటూ కాయలు కోస్తున్న ఆడవాళ్లు నన్ను చూడగానే మాటలాపేశారు. వాళ్లతో కలిసి గట్టు మీద అన్నం తిన్నవాణ్ణి నేను. మిత్రుడు గబగబా వెళ్లి కళ్లం దగ్గర్నుంచి కుర్చీ తెచ్చాడు.

"కూర్చోండి సార్."

"ఏరా, నాకు సార్ ఏంట్రా?"

"నలుగుర్లో బాగోదండి."

గట్టు చివరకి తీసుకెళ్లి, "ఇక్కడెవరూ లేరుగా" అన్నాను.

అతను తలదించుకున్నాడు. "అలవాటైపోయిందండి."

"కాలువ ఆఫీసుకి ఎవరైనా వెళ్తున్నారా?"

"మీరున్నారుగా. మీరే చూసుకుంటారని ఎవరం పోవట్లేదండి."

ఆ సాయంత్రం కారులో వెనక్కి వెళ్తూ అద్దంలోంచి ఎండిన కాలువనే చూస్తూ కూర్చున్నాను. మరోసారి పోటీ చేయలేదు.

పదవి దిగిపోయిన ఏడాది మళ్లీ నీళ్లు రాలేదు. కాలువ ఆఫీసు ముందు కూర్చుందాం రమ్మని ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. "మీరు ఒక్క ఫోన్ చేస్తే సరిపోద్ది కదండీ" అన్నారు. ఒక్కణ్ణే వెళ్లి ఆఫీసు మెట్ల పక్కన కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం నా భార్య క్యారేజీతో బస్సు దిగింది. ఇద్దరం తిన్నాం. తిన్నాక వెళ్లిపోతుందనుకున్నాను. కొంగు తలమీదికి లాక్కుని, నా పక్కనే కూర్చుంది.