వంట లింగన్న పట్టిన పట్టు

మొన్న శుక్రారం నా గతి ఏమైందో ఎరుకేనా? ఎవ్వలతోని కొట్లాట లేదు, పంచాయతి లేదు. నోరు మూసుకోక ఒక్క మాట జెప్పిన, గంతే! మెడకు పట్టా పడ్డది!

మాది గల్ఫుల ఘాలా అనే జాగల కంపెనీ క్యాంపు. నేను షట్టరింగ్ కార్పెంటర్‌ను, కాంక్రీటు పోసేటందుకు చెక్కలు బిగిస్త. శుక్రారం డ్యూటీ ఉండదు. ఆ సాయంత్రం మెస్ హాల్ల టీవీల ఎమ్మెమ్మే ఫైటు ఉండె. చుట్టూ ఇనుప జాలి కట్టి లోపల ఇద్దరిని ఇడుస్తరు చూడుండ్రి, గది. ఒకడు స్ట్రైకర్, గుద్దుడు తన్నుడే వాని పని. ఇంకొకడు గ్రాప్లర్, పట్టుకొని కింద పడేసి మెడనో చెయ్యినో మెలివెడ్తడు. నేను వారం సంది కంపెనీ బస్సుల కూసొని ఈళ్ల వీడియోలే చూసిన. ఇగ క్యాంపుల నాకన్న తెలిసినోడు లేడనుకున్న.

పగటి బువ్వ కాడ పాకిస్తాన్ డ్రైవర్ ఖాన్ భాయ్ నన్ను ఎగేసిండు. "గంగాధర్ భాయ్, బతావో, కౌన్ జీతేగా?"

నేను గరిటె మైకు లెక్క పట్టుకొని లేసి నిలవడ్డ. "స్ట్రైకరే! అనుమానమే లేదు! గ్రాప్లర్ పట్టుకోవాలంటే దగ్గరికి రావాలె గద? రానిస్తడా? ఇగ వాడేం పట్టుకుంటడు, నేలను పట్టుకుంటడు!"

అందరు నవ్విండ్రు. మా వంట లింగన్న మాత్రం తల లేపకుంట పప్పు వడ్డిస్తున్నడు. బోధన్ దిక్కు మనిషి. యాభై దాటినయ్, మాట తక్కువ. మెల్లగ అన్నడు: "గట్ల కాదు తమ్మీ. ఒక్క పట్టు దొరికిందంటే గుద్దెటోనికి చేతులు ఉన్నా లేనట్టే."

"అన్నా, నువ్వు పప్పు సంగతి చూడే!"

"పప్పే చూస్తున్న. నువ్వే చల్లారవెడ్తున్నవ్."

ఒక్కటే నవ్వుడు! నాకు రోషం పొడుసుకొచ్చింది. "రా అన్నా, చేసి చూపిస్త. నేను స్ట్రైకర్, నువ్వు గ్రాప్లర్. దెబ్బ తాకనియ్య తియ్."

"వద్దు తమ్మీ. రేపు నీకు డ్యూటీ ఉంది."

ఆయన నా మంచికే చెప్పిండు. నేనేమో భయపడ్డడనుకున్న!

బల్లలు పక్కకు జరిపిండ్రు. అందరు కానియ్ కానియ్ అని ఎంటవడ్తే లింగన్న సరే అని చేతులు కడుక్కోను పోయిండు. గప్పుడు నేను అందరికి రూల్ చెప్పిన: ఓడినోడు అవతలోని వీపు మీద చేత్తోని తట్టాలె, తట్టంగనే ఇడిసిపెట్టాలె. అందరికి చెప్పిన. చేతులు కడుగుతున్న లింగన్నకు తప్ప!

సురువైంది. నేను వీడియోల చూసినట్టు పిడికిళ్లు లేపి అటు ఇటు ఎగిరిన. ఒక గుద్దు ఉత్తగ గాలిల ఇసిరిన. చెయ్యి పోయింది గని ఎనుకకు రాలే! ఏమైందని చూసే లోపట్నే నా కాళ్లు నేల మీద లేవు. ఫ్యాను దగ్గరికొస్తున్నది! అయ్యో అనే లోపట్నే ఈపు టైల్స్ మీద, మెడ లింగన్న చంకల. తాళింపు వాసన తప్ప లోకం లేదు.

ఊపిరాడ్తలేదు. తట్టిన.

లింగన్న గొంతుల సంతోషం! "ఆఁ! మంచిగుందా పట్టు? ఇంకా ఉంది చూడు!" అని బిగిచ్చిండు.

మల్ల తట్టిన, దబదబ తట్టిన. నేనెంత తడ్తే ఆయన గంత బిగిస్తున్నడు! కండ్ల ముందట చుక్కలు గిర్రున తిరిగినయ్. ఖాన్ భాయ్ ఉరికొచ్చి "ఛోడో చాచా, మర్ జాయేగా!" అని గుంజంగ గుంజంగ ఇడిసిండు.

"అరె! వీపు తట్టి శభాష్ అంటున్నవనుకున్ననే! మా జాతర కుస్తీలల్ల గట్లనే తడ్తరు."

"జాతర కుస్తీలా?"

"వయసుల ఉన్నప్పుడు పట్టేటోన్ని. మూడు వెండి కడాలు గెలిసిన."

"ముందుగాల చెప్పద్దా అన్నా!"

"నువ్వు అడిగినవా? ఎనిమిది నెలల సంది ఉప్పు తక్కువైంది అనుడే గని, లింగన్నా నీ కథేంది అని ఒక్కనాడన్న అడిగినవా?"

మెడ నొప్పి కన్న గా మాటే ఎక్కువ తాకింది.

ఖాన్ భాయ్ నన్ను క్లినిక్కుకు కొంటవోయిండు. కేరళ సిస్టర్ పెన్ను పట్టుకొని అడిగింది. "సైట్ పే గిర్ గయా?"

సైట్ అని రాస్తే కంపెనీకి రిపోర్టు పోతది. ఉద్యోగానికే ఎసరు! "నహీ సిస్టర్, కుక్ నే..."

"కుక్ నే మారా?"

"మారా నహీ. పకడా." కొట్టలే, పట్టిండంతే అని చెప్పిన.

ఆమె పెన్ను కింద పెట్టి, నా దిక్కు అట్లనే చూసింది.

మెడ పట్టా ఏసుకొని సాయంత్రానికి మల్లొచ్చిన. నన్ను ముందట కుర్చీల కూసోవెట్టిండ్రు గని, టీవీ ఎడమ దిక్కు, నా మెడ తిరుగదు. ఎదురుంగ గోడ చూసుకుంట ఫైటు ఇన్న. రెండు నిమిషాలైందో లేదో, హాలంత ఒక్కసారి లేసింది!

"ఏమైంది? చెప్పుండ్రయ్యా, ఏమైంది?"

"స్ట్రైకర్ జీత్ గయా!" అన్నడు ఖాన్ భాయ్.

నేను చెప్పిందే నిజమైంది! క్యాంపు మొత్తంల కరెక్టుగ చెప్పింది నేనొక్కన్నే!

అయినా ఎవ్వడన్న నన్ను మెచ్చుకున్నడా? వచ్చే శుక్రారం ఎవడు గెలుస్తడని అందరు పోయి లింగన్ననే అడుగుతున్నరు. ఇగ నేనేం జెయ్యాలె? నేను గూడ ఆయననే అడిగిన. రెండు బల్లల అవతల నిలవడి.