గాజు పలక మీద చుక్కలు

కిచ్, కిచ్, కిచ్. తలుపు తీయకముందే వంటింట్లోంచి ఆ చప్పుడు మెట్ల దాకా వచ్చేది. తడి పళ్ళెం మీద బొటనవేలు జారే చప్పుడు. పళ్ళెం శుభ్రంగా ఉంటే కిచుకిచుమంటుంది, జిడ్డుంటే నోరు మూసుకుంటుంది. ఆ తేడాతోనే గిన్నెలు కడిగే ఆమెకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు.

అంధుల పుస్తకాలు వేసే ప్రెస్సులో ఆమెను అందరూ ప్రూఫక్క అంటారు. కాగితం మీద ఉబ్బెత్తుగా లేచిన చుక్కల అక్షరాలను వేలితో తడిమి, అచ్చులో దొర్లిన తప్పులు పట్టుకోవడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, కిటికీ పక్కన అదే కుర్చీ. కుడిచేతి చూపుడువేలు కాగితం మీద నడుస్తుంటే, వాన వెలిసిన నేల మీద పిట్ట నడిచినట్టుంటుంది. ఒక్క చుక్క తక్కువైనా పిట్ట టక్కున ఆగిపోతుంది.

ఈ ఏడు మొదట్లో పిట్ట ఆగడం మానేసింది. గిన్నెల సబ్బునీళ్ళకు వేలి కొన పగిలి, చర్మం అట్టకట్టింది. ఒక పాఠ్యపుస్తకంలో రెండు తప్పులు ఆమెను దాటుకుని పిల్లల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. సూపర్‌వైజరు మంచివాడే. "మూడు నెలలు చూద్దాం అక్కా. అప్పటికీ నయం కాకపోతే ఫోన్ల దగ్గర కూర్చుందురుగాని," అన్నాడు. డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. సబ్బునీళ్ళు మానాలి.

రబ్బరు తొడుగులు వేసుకుని చూసింది. "కళ్ళకు గంతలు కట్టుకున్నట్టుందండీ," అని తీసి అవతల పెట్టింది. పాపం భర్తే నడుం బిగించాడు. ఆయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. మీటరాయన అంటేనే వీధిలో తెలుస్తుంది. ఆయన కడిగిన పళ్ళేన్ని ఆమె తడిమింది.

"నిన్నటి కూరేమిటో దీని మీద చదువుకోవచ్చు."

"చదివేశావుగా, ఇక లోపల పెట్టెయ్."

"తప్పులున్నాయి. మళ్ళీ కడగాలి."

మళ్ళీ కడిగేది ఆమే. ఇలా కాదని ఒక ఆదివారం ఇద్దరూ డిష్‌వాషర్ కొనడానికి బయల్దేరారు.

కొట్లో మీటరాయన కళ్ళు నేరుగా కరెంటు లేబుళ్ళ మీదికి పోయాయి. ఒక మిషన్ ఇంటెడు గిన్నెల్ని ముప్పావు యూనిట్టుతో, తొమ్మిది లీటర్ల నీళ్ళతో కడిగేస్తుందట. ఊరందరి మీటర్లూ గిర్రున తిరగడం చూసి చూసి, తన ఇంటి మీటరు నెమ్మదిగా నడిస్తే చాలు ఆయనకు, పండు వెన్నెల్లో కూర్చున్నంత హాయి. ఆమె ఆ మిషన్‌ను తడిమింది. బటన్లు లేవు. ఆ చివర నుంచి ఈ చివరకు గడ్డకట్టిన నీళ్ళలా ఒకటే గాజు పలక.

"దీనికి ముఖం లేదండీ. ఆ పక్కదానికి గుండ్రటి బటన్లున్నాయి."

"పక్కది పాత రకం. నీళ్ళూ కరెంటూ రెట్టింపు తాగుతుంది."

"కళ్ళున్నాయి కాబట్టి మీకు లేబుల్ నచ్చింది."

ఆయన నొచ్చుకోలేదు. కాపురంలో ఇలాంటివి బోలెడు విన్నాడు. "పోనీ, నీకు నచ్చిందే తీసుకుందాం," అన్నాడు. ఆ గొంతులోని దిగులు ఆమెకు వినబడింది. గాజు మీద మరోసారి వేలు పోనిచ్చి, "ముఖం లేకపోతే మనమే పెడదాం. చుక్కలు గుద్దే పరికరం నా దగ్గరుందిగా," అంది.

మర్నాడు ఫిట్టరొచ్చాడు, గరగర గొంతు పెద్దమనిషి. సింకు కింద చన్నీళ్ళ పైపుకు ఒక గొట్టం బిగించాడు. మురికినీళ్ళు వెనక్కి తన్నకుండా ఇంకో గొట్టాన్ని హంస మెడలా పైకి వంచి కట్టాడు. ఆమె మిషన్ నెత్తిన అరచెయ్యి ఆనించి, "ఎడమపక్క కాస్త కుంగింది అన్నయ్యా," అంది. మట్టం పెట్టి చూస్తే నిజమే. ఫిట్టరు మిషన్ కాలి మర తిప్పాడు.

ఆ సాయంత్రం ఆమె పల్చటి ప్లాస్టిక్ పట్టీల మీద చుక్కలు గుద్దింది. మీటరాయన చెయ్యి పట్టి చోటు చూపిస్తుంటే గాజు మీద వరసగా అతికించింది: పొదుపు, మామూలు, జోరు, మొదలు.

వారం తిరిగేసరికి ఆయన మొహం వాడిపోయింది.

"పొదుపని చెప్పి ఏనుగును అంటగట్టారే. అయిదు యూనిట్లు అవ్వాల్సింది పన్నెండయ్యాయి."

"నేను రోజూ పొదుపే నొక్కుతున్నాను."

"మరి గిన్నెలు పొగలు కక్కుతున్నాయేం?"

"మీటరు మీరే తప్పు చదివారేమో."

ఈ మాటకు మాత్రం ఆయన నొచ్చుకున్నాడు. సాయంత్రం ఫిట్టరుకు ఫోన్ చేశాడు.

ఫిట్టరు మళ్ళీ వచ్చాడు. "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి చెల్లెమ్మా," అన్నాడు. ఆమె పొదుపు దగ్గర నొక్కింది. తర్వాత, ప్రెస్సులో ఏ వరుసనైనా రెండోసారి చదివి గానీ వదలని మనిషి కదా, సరిచూసుకుంటూ మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వేలు నడిపించింది. కుయ్, కుయ్, కుయ్, కుయ్. లోపల నీళ్ళు పరవళ్ళు తొక్కాయి. మిషన్ కుయ్యిమన్నప్పుడల్లా అది మర్యాద చేస్తోందనుకుందామె, ఇన్నాళ్ళూ.

"గాజుకు చదవడం తెలీదమ్మా. తాకితే నొక్కినట్టే. పొదుపు మీద మామూలు, దాని మీద జోరు, ఆ పైన మొదలు," అన్నాడు ఫిట్టరు.

ముందు నవ్వింది మీటరాయనే. "ప్రూఫు చూడటం ఇంట్లో కూడానా?"

"రెండోసారి చదవకుండా ఒప్పుకున్నది మిమ్మల్నొక్కర్నేనండీ," అంది ఆమె. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీటరు సరిగ్గానే చదివారు లెండి."

"ఆ ముక్క ఇంకోసారి చదువు."

పట్టీలన్నీ ఊడదీసి, గాజుకు దిగువనున్న స్టీలు అంచు మీద, ఒక్కో గుర్తు కింద దాని పేరు అతికించింది. అంచు మీద ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. చదవడం అయ్యాక వేలు పైకెత్తి ఒక్కసారి తాకితే చాలు. మీటరు నిదానించింది. వేలి కొన మీద పొలుసులు రాలి, కింద నుంచి లేత చర్మం చిగురులా తొంగిచూసింది.

మూడో నెలాఖరున సూపర్‌వైజరు ఒక ప్రూఫు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు తప్పులు కావాలనే పెట్టించాడు, ఆమెకు చెప్పలేదు. పిట్ట నడిచింది. పదకొండో పేజీలో ఆగింది, పదిహేడులో ఆగింది, ముప్ఫైలో మళ్ళీ ఆగింది. "మూడోది మేం పెట్టింది కాదక్కా," అన్నాడతను నెమ్మదిగా. ఫోన్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ కథంతా విని రాసుకున్న మనిషిని సాగనంపడానికి ఆమె గుమ్మం దాకా వచ్చింది. "అచ్చుకిచ్చే ముందు చుక్కల్లో వేయించి నాకో ప్రతి పంపండి," అంది. "తప్పులుంటే మొహమాటపడను."