విడవలూరు తీరంలో అక్క చూపించిన తోకచుక్క

అక్కకు ఎదురుగా ఉన్నదేదీ సరిగ్గా కనిపించదు. చూపు నడుమ మసక మచ్చ ఏర్పడింది. అది పెరగడమే కానీ తరగడం ఉండదని కంటి డాక్టరు చెప్పేశారు. అలాంటి మనిషి, తోకచుక్క వచ్చిందని టీవీలో విని, "వచ్చే ఏటికి నాకు ఈ మాత్రం చూపైనా ఉంటుందో లేదో, ఇప్పుడే చూపించవే" అంది. నెల్లూరు వీధి దీపాల మధ్య చంద్రుడే వెలవెలబోతాడు, ఇక తోకచుక్క మాటెందుకు? అందుకే తూర్పున ఏ అడ్డూ లేని సముద్రపు ఒడ్డుకు బయల్దేరాం.

తెల్లవారుజామున మూడున్నరకల్లా మస్తాన్ అన్న ఆటో తెచ్చాడు. రానూపోనూ ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా విడవలూరు, అక్కడి నుంచి తీరం. గంట పైనే పడుతుంది. చివరి గతుకులకు నడుములు కదిలిపోతాయి, దిండు తెచ్చుకున్నా తప్పులేదు.

"ఇంతకీ అది యాడ్నించి వస్తా ఉండాదక్కా?" అని నన్ను అడిగాడు మస్తాన్ అన్న.

"తోకచుక్కలకు రెండు పుట్టిళ్లన్నా. తొందరగా తిరిగొచ్చేవి చాలావరకు నెప్ట్యూన్ అవతలి మంచుగడ్డల పట్టీ నుంచి వస్తాయి. ఇది ఇంకా ఎంతో దూరం నుంచి. గ్రహాలు పుట్టినప్పుడు మిగిలిన మంచుముద్దలు అక్కడ సూర్యుడి చుట్టూ అన్ని వైపులా ఉన్నాయంటారు. ఎవరూ చూడలేదు, తోకచుక్కలు వచ్చే దారిని బట్టి లెక్కకట్టారు. పక్కగా పోయే నక్షత్రం కాస్త లాగితే చాలు, ఒకటి ఇటు జారుతుంది. ఇక్కడికి చేరేసరికి లక్షల ఏళ్లు."

"అన్నేళ్లు నడిచొచ్చింది, మనం టీ తాగేదాకా ఆగదా?"

నవ్వొచ్చినా ఆగనివ్వలేదు. తూర్పు తెల్లబడిందంటే ఇక అక్కకు చూపించలేను.

మస్తాన్ అన్న ఆటో దగ్గరే ఆగాడు. ఒడ్డున కర్రకు కట్టిన బ్యాటరీ లైటు కళ్లలో పొడుస్తోంది. పక్కనే కూర్చున్న పోలమ్మ అనే ఆమెను, కాసేపు ఆపమని అడిగేశాను.

"ఆపితే మా ఆయన యాడ దిగతాడమ్మా? పడవ ఇంకా రాలా. ఈ లైటు చూసే గదా ఒడ్డు పట్టేది!"

తల కొట్టేసినట్టయింది. అక్క సంగతి చెప్పి, పోనీలెమ్మని వెనక్కి తిరిగాను. పోలమ్మ ఊరుకోలేదు. చేపల తట్టకు ప్లాస్టిక్ పట్ట చుట్టి, లైటుకు మా వైపు అడ్డంగా కట్టేసింది. "సముద్రానికి వెలుగు, మీకు చీకటి. ఇట్టొచ్చి నిలబడండి" అంది. ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కళ్లు చించుకుని చూశాను. ఏమీ లేదు. అక్కను ఇంత దూరం ఈడ్చుకొచ్చింది ఇందుకా అని ఏడుపొచ్చింది.

"అదిగోనే! నీళ్లకు కాస్త పైన. తోక నిక్కబొడుచుకుని ఉంది" అంది అక్క.

"నీకెట్లా కనిపించిందే?"

"నువ్వు సూటిగా చూస్తున్నావు. కాస్త పక్కకు చూడు. నేను మీ మొహాలన్నీ అట్లాగే గదా చూసేది."

పక్కకు చూశాను. తెల్లటి సన్నని తోకతో, అక్కడే ఉంది. పోలమ్మ కూడా చూసి "ఓయమ్మా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. వెలుగు వచ్చేదాకా ముగ్గురం కదల్లేదు. తర్వాత పడవ చప్పుడు వినిపించి ఆమె నీళ్ల వైపు పరుగెత్తింది.

మీరూ వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒడ్డున లైటు వెలుగుతుంటే ఆపమనకండి, దాని వెలుగు కళ్లలో పడని చోట నిలబడండి. లక్షల ఏళ్ల దూరం నుంచి వచ్చిన ఆ మంచుముద్దకూ, తట్ట అడ్డం కట్టిన పోలమ్మకూ నేను రుణపడిపోయాను. తిరుగు దారిలో అక్క నా చెయ్యి వదల్లేదు. "ఇన్నాళ్లూ అన్నీ మీరే నాకు చూపించారు. ఇవాళ నేను చూపించాను చూడు" అంది.