మాసిక చూడడానికి వెళ్లిన రోజు

కొత్త కాన్వాసు చుట్ట విప్పగానే ఒక వాసన వస్తుంది. గంజి, కాస్త కిరసనాయిలు, ఎండలో ఆరిన గోనెసంచి, ఈ మూడూ కలిసినట్టుంటుంది. నేను కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రానికి నిన్న అలాంటి చుట్ట ఒకటి వచ్చింది. పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం దాని మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాను. "అవేటి మేడమ్, మల్లెపూలా?" అని ఒకమ్మాయి నవ్వింది. మల్లెపూలు కాదు గానీ, నాకు ఆ వాసనలో ఒక మనిషి ఉంది. ఆవిడ పేరు పైడితల్లమ్మ. చోడవరంలో అందరికీ టార్పాలిన్ల పైడమ్మ. నాకు పైడమ్మత్త. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా కుదిరిపోయిందంతే.

ఆవిడ షాపంటే బస్టాండుకి కాస్త అవతల, రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. పంచదార బస్తాలు మోసే లారీలకి, కళ్లాల్లో ధాన్యం రాశులకి, పెళ్లి పందిళ్ల పక్కలకి, అన్నిటికీ అక్కడే టార్పాలిన్లు కుట్టేవాళ్లం. పల్చగా ఉన్నచోట మెషీను కుట్టు, నాలుగైదు మడతలు పడ్డచోట మైనం రాసిన దారంతో, దబ్బనంతో చేతికుట్టు. ఇంటర్ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, "రెండు నెల్లు సాయం సెయ్యవే, నా పనికి ఇద్దరు కావాల" అని ఆవిడే వచ్చి పిలిచింది. ఆ రెండు నెలలూ ఆరేళ్లయ్యాయి.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. కుట్టు కనబడితే చాలు, తిరగేసి చూడాల్సిందే. బస్సు సీటు రెక్సిను, పక్కవాళ్ల గొడుగు, పోస్ట్‌మాన్ భుజాన వేలాడే సంచి, ఏదైనా సరే. ఒకసారి కె.కోటపాడులో తెలిసినవాళ్ల పెళ్లికి వెళ్లాం. ఆవిడ అక్షింతలు వేసి, ఆ చేత్తోనే పెళ్లికొడుకు కోటు అంచు పట్టుకుని ఎత్తేసింది. "లైనింగు ఎవరు ఏసేరు బాబూ? సేయి తిరిగినోడే ఏసేడు" అంది. పెళ్లికొడుకు బిత్తరపోయాడు. పెళ్లికూతురు నవ్వాపుకోలేక తల వంచేసుకుంది. అప్పుడు తీసిన ఫొటోలో పెళ్లికూతురి సిగ్గు ఎంత సహజంగా పడిందో అని తరవాత అందరూ మెచ్చుకున్నారట. నేను మాత్రం పందిరి గుంజ పక్కకి జరిగి, ఈవిడెవరో నాకు తెలియనట్టు నిలబడ్డాను.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో, ఆ పనంటే అంత నామోషీ. నాతో చదివినవాళ్లు డిగ్రీల్లో చేరారు, కొందరు విశాఖపట్నంలో ఉద్యోగాలకి వెళ్తున్నారు. నా వేళ్లకి ఎంత రుద్దినా మైనం వదిలేది కాదు. ఎదురుపడి ఎవరైనా ఏం చేస్తున్నావని అడుగుతారేమోనని రోడ్డుకి అవతలి పక్కనుంచి నడిచేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తినడానికి పాత పేపరు పరుచుకున్నాం. పేపరు పాతదంటే రెండు రోజులదే. అందులో ఒక ఓడ బొమ్మ ఉంది. నూరేళ్లు దాటిన విదేశీ తెరచాపల ఓడట, ప్రపంచం చుట్టి వస్తోందట, తేదీ లెక్కేస్తే సరిగ్గా మర్నాడు పొద్దున్నే విశాఖ హార్బర్‌లోకి వస్తుందట, మధ్యాహ్నం నుంచి జనాన్ని ఎక్కి చూడనిస్తారట. పైడమ్మత్త అన్నం కలపడం ఆపి, బొమ్మలో తెరచాప మీద వేలు పెట్టింది. పప్పు మరక పడింది.

"ఇంత గుడ్డ ఎవరు కుట్టేరే?" అంది.

"మెషీన్లుంటాయి అత్తా."

"మెషీను దానంతటది కుడతాదేటి? ఎనకాల మనిషి కూకోవాల కదా. సూద్దాం పద, రేపు."

షట్టరు మీద సుద్దముక్కతో 'రేపు షాపు లేదు' అని రాసింది. కారణం కూడా రాయమన్నాను సరదాకి. 'ఓడ' అని కింద చేర్చింది.

మర్నాడు ఆరున్నర బస్సెక్కాం. సబ్బవరం దగ్గర ఒకమ్మాయి ఎక్కి, నన్ను చూసి వెలిగిపోయింది. ఇంటర్‌లో నా బెంచీమీద కూర్చున్న శైలజ. ఏదో ఆఫీసులో చేరిందట, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. "నువ్వేటి సేస్తన్నావే వరాలూ?" అంది. పైడమ్మత్త నా పక్కనే, నా భుజానికి భుజం తగిలేలా కూర్చుని ఉంది. నేను చేతులు కొంగు కిందికి తోసేసి, "కంప్యూటర్ నేర్చుకుంటన్నాను" అన్నాను. "మరి ఈవిడ?" అంది శైలజ. "మా వీధిలో ఉంటారు" అన్నాను. పైడమ్మత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. మొహం కూడా తిప్పలేదు. శైలజ దిగిపోయాక కూడా, విశాఖ వచ్చేదాకా, నేను చేతులు కొంగు కిందే ఉంచుకున్నాను.

పాత ఊళ్లో గుడి, చర్చి, దర్గా పక్కపక్కనే మూడు గుట్టల మీద ఉంటాయి. అక్కణ్ణించి హార్బర్‌లోకి ఓడలొచ్చే కాలువ బాగా కనిపిస్తుందని ఆటో అతను చెప్పాడు. ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంటే, నేను చెయ్యి అందించాను. పట్టుకుంది. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

పైన అప్పటికే జనం. కాసేపటికి డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి మెల్లగా ఓడ ముక్కు బయటికొచ్చింది. మూడు ఎత్తయిన కొయ్యలు, వాటికి అడ్డంగా దూలాలు, ఆ దూలాల మీద తెల్లబట్టల మనుషులు పిట్టల్లా వరసగా నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేశాను. పైడమ్మత్తకి మాత్రం కోపం వచ్చింది. తెరచాపలన్నీ చుట్టేసి కట్టేసి ఉన్నాయి. ముందొక చిన్న టగ్గు పడవ ఓడని లాక్కొస్తోంది.

"ఇదేటే! గుడ్డ సూద్దామని వస్తే కర్రలు సూపిస్తన్నారు!"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. సరిగ్గా అప్పుడు ఓడ ముందువైపు మూడుమూలల తెరచాపలు రెండు, తాళ్లమీద గబగబా పైకి లేచాయి. చూడవచ్చిన జనం కోసమే కాబోలు. ముందు కాసేపు టపటపా కొట్టుకున్నాయి. ఆ తరవాత కాలువలోకి సముద్రపు గాలి తిరిగింది. రెండూ ఒక్కసారి పొంగి, బిగిసి, నిలబడ్డాయి. జనం ఈలలు వేశారు. ఓడ మా కిందనుంచే, చెయ్యి చాపితే అందుతుందా అన్నంత దగ్గరగా వెళ్తోంది. నేను పైడమ్మత్త వైపు తిరిగాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, రెండు చేతులూ నుదుటికి అడ్డం పెట్టి, కదలకుండా చూస్తోంది.

"వరాలూ, మాసిక!" అని అరిచింది. "కింద మూల సూడు, మాసికేసేరు!"

చూశాను. తెల్లటి తెరచాప మీద, కిందిమూలకి కాస్త పైన, రంగు తేడాగా నలుచదరపు మాసిక. అంతమంది కొయ్యల్ని, జెండాల్ని, మనుషుల్ని చూస్తుంటే ఆవిడకి అదొక్కటే కనబడింది. "అంత గాలి తోస్తన్నా అది ఊడలేదు. ఆ మాసికేసినోళ్లని నాను సూడాల" అంది.

మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు లైన్లో నిలబడి ఓడెక్కాం. అందరూ చుక్కాని చక్రం దగ్గర ఫొటోలు తీసుకుంటున్నారు. ఈవిడ నేరుగా ఓడ వెనకవైపు నీడలోకి నడిచింది. అక్కడ తెల్లజుట్టు విదేశీ ఆవిడ ఒకరు, ఒళ్లో తెరచాప కుప్ప వేసుకుని మాసిక కుడుతోంది. కుట్టేది మగవాళ్లనుకున్నామేమో, ఇద్దరం ఒక్క క్షణం ఆగిపోయాం. ఆవిడ కుడి అరచేతికి ఒక తోలుపట్టీ ఉంది. దాని మధ్యలో ఇనపబిళ్ల. ఆ బిళ్లతో దబ్బనాన్ని వెనకనుంచి నెడుతోంది. మేం మా షాపులో సైకిలు టైరు ముక్క కట్టుకుని చేసే పనే అది.

పైడమ్మత్త ఆవిడ ఎదురుగా చతికిలబడి, ఏమీ మాట్లాడకుండా తన కుడి అరచెయ్యి చాపి చూపించింది. బొటనవేలి మొదట్లో కాయకాసిన చోటు. ఆ దొరసాని కూడా పట్టీ విప్పి తన చెయ్యి చూపించింది. అదేచోట, అంతే కాయ. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"అడగవే, కుట్టుకీ కుట్టుకీ మజ్జిన అంత ఎడం ఎందుకు ఒగ్గీసింది?"

"బాగోదు అత్తా, తప్పు పట్టినట్టుంటాది."

"అడిగితే ఆవిడకేటి బాధ? అడక్కపోతే నాకు నిద్దరట్టదు."

నాకొచ్చిన ఇంటర్ ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మరీ దగ్గరగా కుడితే గుడ్డకి చిల్లులు ఎక్కువైపోతాయట. తపాలా బిళ్ల చుట్టూ ఉండే చిల్లుల వెంట కాయితం చిరిగినట్టు, గాలి లాగినప్పుడు గుడ్డ కుట్టు వెంటే చిరుగుతుందట. నేను తెలుగులో చెబుతుంటే పైడమ్మత్త మొహం చూశాను. పాతికేళ్లుగా ఆవిడ దగ్గరగా కుట్టడమే గట్టిదనం అనుకుంది, నాకూ అదే నేర్పింది. చిన్నబుచ్చుకుంటుందని భయపడ్డాను. ఆవిడ తొడ చరుచుకుని నవ్వింది. "ఓలమ్మో! ఇన్నేళ్లూ నానే సింపుకుంటన్నానా!" ఆ నవ్వు చూసి, మాట అర్థం కాకపోయినా ఆ దొరసాని మళ్లీ నవ్వింది. దబ్బనం తీసి పైడమ్మత్తకి అందించింది.

"నాకు కళ్లజోడు లేదు. ఇదిగో, ఇది కుడతాది" అని నన్ను ముందుకి తోసింది. కళ్లజోడు ఆవిడ మెళ్లోనే వేలాడుతోంది.

కూర్చున్నాను. తోలుపట్టీ వేసుకుని, ఎడం పాటిస్తూ కుట్టడం మొదలుపెట్టాను. మొదటి రెండు కుట్లూ వంకర పోయాయి. తరవాత చెయ్యి కుదిరింది. తల ఎత్తేసరికి చుట్టూ జనం, ఫోన్లు. కాలేజీ అమ్మాయి ఒకతె, "మీరు ఏం చేస్తారండీ?" అని అడిగింది. "చోడవరంలో టార్పాలిన్లు కుడతాను" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది గొంతు. పైడమ్మత్త పక్కనున్న తాళ్లని చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో ఆవిడ వేరుసెనగలు వలుస్తుంటే, "అత్తా, పొద్దున్న శైలజతో అబద్ధం ఆడేను" అన్నాను.

"ఇన్నాను. కంప్యూటర్లో ఏటి నేర్చుకుంటన్నావని అది అడగనేదు, బతికిపోయేవు." నా చేతిలో గుప్పెడు గింజలు పోసింది. "నానూ ఆడేను లేవే. లారీ టార్పాలిన్లు నానే కుడతన్నానని మొదట్లో ఎవులికీ సెప్పలేదు. మా ఆయన కుడతన్నాడని సెప్పేదాన్ని. ఆయనకెంత పేరొచ్చీసిందనుకున్నావు! మూడూళ్ల డ్రైవర్లు టార్పాలిన్లు అట్టుకొచ్చి ఆయన ముందల పడీసేరు. దబ్బనం ఏ పక్కన అట్టుకోవాలో ఆయనకి తెలిస్తే కదా! అప్పుడింక సెప్పక తప్పిందికాదు."

సబ్బవరం దాటేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

మర్నాటినుంచి షాపులో కుట్టు మారింది. "ఇదేటి, పొదుపు సేస్తన్నావా?" అని ఒక డ్రైవరు సణిగాడు. "ఓడోళ్లిలాగే కుడతారు, సిరిగితే అట్టుకురా" అంది ఆవిడ. ఆ వానాకాలమంతా వాడి టార్పాలిన్ చిరగలేదు. తరవాత వచ్చినవాళ్లు 'ఓడ కుట్టు' వెయ్యమని వాళ్లే అడిగారు. రెడీమేడ్ ప్లాస్టిక్ పట్టాలు వచ్చి మా పనిని చాలా తగ్గించాయి గానీ, ఆవిడ షట్టరు దించేలోగా నన్ను ఇంటర్ పాసు చేయించింది, ఈ శిక్షణ కేంద్రం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది. రెండేళ్ల కిందట ఆసుపత్రిలో చూడటానికి వెళ్తే, కప్పుకున్న దుప్పటి అంచు తిరగేసి చూసి, "మెషీను కుట్టే గానీ పర్లేదు" అంది. నాతో అన్న ఆఖరి మాటల్లో అదొకటి. ఆ మాట గుర్తొస్తే నాకు ఏడుపు రాదు.

ఆవిడ దగ్గర చేతిపని నేర్చుకున్నాను, నిజమే. కానీ నాకెక్కువ పనికొచ్చింది, తన తప్పు నా ముందే బయటపడ్డ క్షణంలో ఆవిడ నవ్విన తీరు. అది అబ్బడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొన్న క్లాసులో సంచి మూల మడిచి కుట్టడం చూపిస్తుంటే, వెనకవరసలోంచి గౌరి అనే అమ్మాయి మెల్లగా లేచి, "మేడమ్, ఇలా మడిస్తే ఒక కుట్టు తగ్గుతాది కదండీ" అంది. చేసి చూపించింది. నాదానికంటే బాగుంది. ముందు నా చెవులు వేడెక్కాయి. ఆ తరవాత నవ్వు వచ్చింది. గౌరిని నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను కుట్టిన మూల విప్పేసుకుని, పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను.

"మళ్లీ మొదటినుంచి చూపించమ్మా" అన్నాను. "కాస్త నెమ్మదిగా."